ముప్పావుగంట మాట

పొద్దున్న ఆరింటికి షిఫ్టు మొదలైతే పదింటికి టీ. టీ అయిందని చెప్పడానికి ఆ రొయ్యల ఫ్యాక్టరీలో గంట లేదు, సైరన్ లేదు. గున్నమ్మ ఉంది. సరిగ్గా తొమ్మిదింబావుకి ఆవిడ వంటగది గుమ్మంలో నిలబడి "టీ అయిపోనాది, రండర్రా" అంటుంది. అప్పటికి పొయ్యి మీద నీళ్ళు కూడా పెట్టి ఉండదు. పెదవులు కదులుతాయి, శబ్దం రాదు. ఆ తర్వాత ఆవిడ తీరిగ్గా పాలు కాచి, అల్లం దంచి, టీ వడగట్టే వేళకి, పదింటికి, ఆ మాట వెళ్ళి అందరి చెవుల్లో పడుతుంది. రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళు గ్లౌజులు విప్పి లేస్తారు.

గున్నమ్మ మాట ముప్పావుగంట ఆలస్యంగా వస్తుంది. ఎవరితో అంటే వాళ్ళ దగ్గరికే వస్తుంది, వాళ్ళు ఎక్కడుంటే అక్కడికి. వెనక ఆవిడ కోటబొమ్మాళి సంతలో చేపల గంప పెట్టుకున్న రోజుల్లో, జనం ధర అడిగి వెళ్ళి వంకాయలూ చింతపండూ కొనుక్కునేవారు. బస్సు కోసం నిలబడ్డప్పుడు "నూటిరవై, తగ్గదు" అని చెవిలో పడేది. కావలసినవాళ్ళు వెనక్కొచ్చేవారు. ఆవిడతో తగువు పెట్టుకోవడం మాత్రం దండగ. కుళాయి దగ్గర తిట్టినదానికి జవాబు, తిట్టినావిడ మధ్యాహ్నం నడుం వాల్చినప్పుడు వచ్చేది. ఆవిడ లేచొచ్చి మళ్ళీ ఏదో అనేది. ఒకసారి లక్ష్మణమ్మతో పడ్డ తగువు అలా మూడు రోజులు నడిచి, ఏ మాటకి ఏది జవాబో తెలీక ఇద్దరూ నవ్వేసి ఊరుకున్నారు. ఆవిడ ఉండే చేపలవాళ్ళ పేటలో ఎవరూ దీన్ని వింతగా చూడరు. ఒకరికి చెవుడు, ఒకరికి నత్తి, గున్నమ్మకి ఇది. ఫోన్లు వచ్చాక ఏమైనా మారుతుందేమో అని ఒకరిద్దరు చూశారు. ఫోన్ పెట్టేసిన చాలాసేపటికి మాట వచ్చింది.

ఇది ఇరవై రెండేళ్ళ కిందట మొదలైంది. ఒక కార్తీకమాసం పొద్దున్న, ఆకాశం రంగు నచ్చక గున్నమ్మ ఒడ్డుకి పరిగెత్తి, మొగుడి పడవకేసి "ఎల్లొద్దు" అని అరిచింది. మెడ నరాలు తేలాయి గానీ గొంతు రాలేదు. పడవ మీద సోములు వెనక్కి తిరిగి చూశాడు కూడా. పెళ్ళాం ఏదో అంటోందనుకుని చెయ్యూపాడు. ముప్పావుగంట తర్వాత ఆ మాట సముద్రం మీద ఎక్కడో అతనికి అందే ఉంటుంది. అప్పటికి గాలి తిరిగిపోయింది. అందినా ఏం లాభం?

ఆ రోజు ఒడ్డున, పడవ కట్టే గుంజకి ఒక తాడు కొస ముడి లేకుండా గాలికి వేలాడుతూ ఉండడం గున్నమ్మ కంట పడింది. అప్పట్నుంచి ఆ ఇంట్లో ఏ కొసా వేలాడకూడదు. బట్టల దండెం, నూతి చేద తాడు, దోమతెర నాడా, అన్నిటికీ ముడి పడాలి, లేదా ఎక్కడో ఒకచోట దోపాలి. అన్న కొడుకు ధనరాజు తల్లి పోయాక ఆవిడ చేతిలోనే పెరిగాడు. అప్పటికి ఎదిగినవాడే అయినా, అన్నం తినడమంత అలవాటుగా ఇదీ వాడి చేతికి వచ్చేసింది. పక్కింటివాళ్ళ గేదె పలుపు వేలాడుతున్నా ఆగి, ముడేసి వెళ్ళేవాడు. సోములు మావ పోయాక వాడు వల అటకెక్కించి, ఊరవతల రొయ్యల ఫ్యాక్టరీ పెట్టగానే చల్లగది ఆపరేటర్‌గా చేరాడు. సముద్రం కంటే యంత్రాలు నయం, పొద్దున్న ఎలా ఉన్నాయో సాయంత్రం అలాగే ఉంటాయి అనేవాడు. సాయంత్రాలు మాత్రం అరుగు మీద కూర్చుని పేటలో అందరి వలలూ బాగుచేసి పెట్టేవాడు. చీకట్లో కూడా వాడి వేళ్ళు చిరుగు ఎక్కడుందో వెతికి పట్టుకునేవి.

ఆ మంగళవారం ఫ్యాక్టరీకి హేమ వచ్చింది. శృంగవరపుకోట అమ్మాయి, పాతికేళ్ళుంటాయి. యంత్రాల నెట్‌వర్క్ చూసే విశాఖపట్నం కంపెనీలో ఉద్యోగం. ఇంతకుముందు రెండుసార్లు సీనియర్ వెంట వచ్చింది, ఒంటరిగా రావడం ఇదే మొదలు. పని చిన్నదే. మెషిన్ రూమ్‌లో ఇనుప బీరువా ఉంది. అందులో కంట్రోలర్ ఉంది. ఫ్యాన్లు తిప్పడం, మంచు కరిగించడం, గ్యాస్ వదలడం అన్నీ దాని పని. ప్యాకింగ్ హాల్ పక్కన, చల్లగది తలుపు దగ్గర, గోడకి ప్యానెల్ ఉంది. కంట్రోలర్ ఏం చేస్తోందో తెర మీద చూపించడం, మనిషి నొక్కిన బొత్తాన్ని కంట్రోలర్‌కి చెప్పడం దాని పని. ఈ చివర ఒక నెట్‌వర్క్ పెట్టె, ఆ చివర ఒక నెట్‌వర్క్ పెట్టె, మధ్యలో అరవై మీటర్ల కేబుల్. ఆ కేబుల్‌ని ఎలుకలు కొరికాయి. పూర్తిగా తెగలేదు, అప్పుడప్పుడు మాట తడబడుతోంది. హేమ దాని పక్కనే కొత్త కేబుల్ లాగి రెండు పెట్టెలకీ గుచ్చింది. ప్యానెల్ చక్కగా పలికింది. పాతదాని కొస మెషిన్ రూమ్ వైపు పీకి, బీరువాలో వేలాడేసింది.

అప్పుడే గున్నమ్మ టీ పట్టుకొచ్చింది.

"అమ్మా, ఈ తీగ ఇలగే ఉండనీ. ఎవులైనా వస్తే ముట్టుకోవద్దని సెప్పు. అటేపు కొస కూడా ఇప్పీసొచ్చి, మొత్తం లాగీస్తాను," అంది హేమ.

గున్నమ్మ తలూపింది. హేమ టీ తాగి ప్యాకింగ్ హాల్ వైపు బయల్దేరింది. దారిలో మెయింటెనెన్స్ ఇన్‌ఛార్జ్ జగన్నాధం పట్టుకున్నాడు. అట్టపెట్టెల మీద తేదీ కొట్టే మిషన్ వంకరగా కొడుతోంది, ఒక్కసారి చూసిపొమ్మన్నాడు. అది హేమ పని కాదు. కానీ మొదటిసారి ఒంటరిగా వచ్చిన పిల్ల, కాదని ఎలా అంటుంది? వెళ్ళింది. పాత కేబుల్ రెండో కొస ప్యానెల్ వైపు నెట్‌వర్క్ పెట్టెలో అలాగే ఉండిపోయింది.

పదీ ఐదు నిమిషాలకి ధనరాజు మెషిన్ రూమ్‌లోకి వచ్చాడు. చల్లగది అప్పుడే ఖాళీ అయింది. ప్యానెల్ మీద మంచు కరిగించే బొత్తం నొక్కి వస్తున్నాడు. అది నొక్కితే లోపల ఫ్యాన్ ఆగి, దాని వెనక గొట్టాల మీద పేరుకున్న మంచు ముప్పావుగంట పాటు కరుగుతుంది. తర్వాత ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది. ఆ వ్యవధి పెట్టినవాడికి గున్నమ్మ ఎవరో తెలీదు. కంప్రెసర్ నూనె చూసి తిరిగి వెళ్ళబోతూ ధనరాజు బీరువా తలుపు తెరిచి ఉండడం చూశాడు. లోపల నీలం తీగ ఒకటి కొస కిందకి వేలాడుతోంది. దాని పైన పెట్టెలో ఒక గుంట ఖాళీగా ఉంది. ఆలోచించేదేముంది? చెయ్యి దానంతటదే వెళ్ళింది. కొస పట్టుకుని గుంటలో పెట్టి నొక్కాడు. టక్కుమని కూర్చుంది. వాడి మనసు స్థిమితపడింది.

తిరిగి చూస్తే గుమ్మంలో గున్నమ్మ. ఒక చేతిలో కెటిల్, ఒక చేతిలో వేళ్ళకి తగిలించిన నాలుగు గ్లాసులు. పెదవులు కదులుతున్నాయి, గడ్డంతో బీరువాకేసి చూపిస్తోంది.

"తాగీసినానత్తా," అన్నాడు ధనరాజు, టీ సంగతే అడుగుతోందనుకుని. పక్కనుంచి గబగబా వెళ్ళిపోయాడు.

గున్నమ్మ కెటిల్ కింద పెట్టి వెనక్కి తిరిగేసరికి వాడు లేడు. బీరువాలో తీగల్ని ముట్టుకోవడానికి ఆవిడకి ధైర్యం చాలలేదు. ముట్టుకోవద్దన్న మాట తనకీ వర్తిస్తుంది కదా. పోన్లే, పదకొండుకి పది నిమిషాల ముందు మాట వాడికి అందుతుంది, వాడే వచ్చి తీస్తాడు, ఈలోగా కొంపలు మునిగేదేముంది అనుకుంది. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ అలాగే బతుకుతోంది. గ్లాసులు కడగడానికి వెళ్ళింది.

పదింబావు దాటాక ధనరాజు ప్యానెల్ ముందు నిలబడి నుదురు ముడిచాడు. తెర మీద మైనస్ పందొమ్మిది. పది నిమిషాల కిందటా మైనస్ పందొమ్మిదే. మంచు కరుగుతుంటే గది కొంచెం కొంచెం వేడెక్కాలి, అంకె పైకి రావాలి. ఇది మేకు కొట్టినట్టు అక్కడే ఉంది. హాల్లో ట్రాలీల మీద ఎనిమిది టన్నుల రొయ్య ఐసులో ఎదురుచూస్తోంది. గది సిద్ధమైతేనే అది లోపలికి వెళ్ళాలి. పన్నెండున్నరకి కంటెయినర్ వస్తుంది.

పదిన్నరకి జగన్నాధం వచ్చాడు, వెనకాలే హేమ. జగన్నాధం మంచివాడే. కానీ ఆ ఫ్యాక్టరీలో ఏది చెడినా ఆయన అనుమానం ముందు మంచు మీదకే వెళ్తుంది. ఆఫీసులో ప్రింటర్ ఆగినా ఎక్కడో మంచు పట్టిందంటాడు.

"సెన్సర్ మీద మంచుగడ్డ కూకున్నాది. అందుకే కదలట్లేదు. పోయిన నెల కూడా ఇదే కదేటి?" అన్నాడు.

"సార్, ముందు కేబుల్ సూసొస్తానండి. ఇప్పుడే కొత్తది ఏసినాను," అంది హేమ.

"కేబుల్ పోతే తెర సచ్చిపోవాలమ్మా. అదిగో, గడియారం నడుస్తన్నాది సూడు."

నిజమే. తెర మూలన గడియారం ఉంది. పదీ ముప్పై రెండు, దాని పక్కన సెకన్లు పరిగెడుతున్నాయి. ముగ్గురూ ఆ సెకన్లకేసి చూశారు. కదులుతున్నదాన్ని చచ్చిందని ఎవరనుకుంటారు? హేమ కూడా తలూపింది. లోపల ఎక్కడో ఏదో గీకినట్టు ఉంది గానీ, మొదటిరోజే ఇన్‌ఛార్జ్‌తో వాదన ఎందుకని ఊరుకుంది. ఆ ఊరుకోవడాన్ని ఆ పిల్ల ఇప్పటికీ మరిచిపోలేదు.

సెన్సర్ ఫ్యాన్ వెనక, గొట్టాల మధ్య ఉంటుంది. దాన్ని గీకాలంటే ఫ్యాన్ జాలీ విప్పి, రెక్కల మధ్యనుంచి చెయ్యి పెట్టాలి. రెక్క ఒక్కొక్కటి మూరన్నర పొడవు. ఫ్యాన్‌కి కరెంటు పూర్తిగా తీసేసే పిడి తలుపు పక్కనే గోడకి ఉండాలి, ఉంది కూడా. ఎనిమిది నెలల కిందట తుప్పు పట్టి బిగుసుకుపోతే, ఊడి పడకుండా ఇనపతీగ చుట్టి వదిలేశారు. కొత్తది తెప్పించమని కాగితం పెట్టారు. కాగితం ఎక్కడ పడుకుందో ఎవరికీ తెలీదు. ఎనిమిది టన్నుల రొయ్య మీద ఉన్న శ్రద్ధలో పదోవంతు ఆ పిడి మీద లేకపోయింది. అప్పట్నుంచి లోపలికి ఎవరు వెళ్ళాలన్నా ప్యానెల్ మీద బొత్తం నొక్కి వెళ్తున్నారు. ఏమీ కాలేదు కాబట్టి ఏమీ కాదనుకున్నారు.

"పాపా, ఫ్యాన్ ఆపీ. మంచు కరగడం కూడా ఆపీ. బేగి గీకీసొచ్చెత్తాను," అన్నాడు ధనరాజు, ఉన్ని టోపీ చెవుల మీదికి లాక్కుంటూ.

హేమ నొక్కింది. వేలి కింద బొత్తం పచ్చరంగు నుంచి ఎరుపుకి మారింది. పైన 'ఫ్యాన్ ఆగినది' అని అక్షరాలు. మరోసారి నొక్కి చూసింది.

"ఆగిందన్నా. ఎల్లు."

పదీ నలభై ఆరుకి ధనరాజు లోపలికి వెళ్ళాడు. గది ఖాళీగా, తెల్లగా, గుహలా ఉంది. ఫ్యాన్ నిజంగానే ఆగి ఉంది. పై గొట్టాల నుంచి నీళ్ళ చుక్కలు పడుతున్నాయి. బొత్తం నొక్కాక కరగడం ఆగాలి కదా అని వాడికి తోచలేదు, పాత నీళ్ళే అనుకున్నాడు. మూడు బోల్టులు విప్పాడు. నాలుగోది ఎప్పుడో పోయింది. జాలీ తీసి గోడకి ఆనించాడు. ఆనించాక, జాలీకి కట్టిన తాడు ముక్క కొస ఊగుతుంటే ఆగి దాన్ని దోపాడు కూడా. మంచు గీకే రేకు కుడిచేతికి మార్చుకుని, వంగి, రెక్కల మధ్యలోకి చూశాడు. సెన్సర్ కనపడింది. దాని మీద మంచు లేదు. తుడిచిపెట్టినట్టు ఉంది.

అదేమిటో దగ్గరగా తడిమి చూద్దామని చెయ్యి ఎత్తాడు.

తలుపు దగ్గర హేమ, జగన్నాధం. వాళ్ళ వెనక నీళ్ళు తుడిచే కర్రతో అప్పుడే వచ్చిన గున్నమ్మ. వాళ్ళ భుజాల మీదుగా ఆవిడ లోపలికి చూసింది. ఊడదీసిన జాలీ, రెక్కల మధ్యకి పోతున్న మేనల్లుడి చెయ్యి. పైన ఎక్కడో మోటారు గురక మొదలైంది. కర్ర చేతిలోంచి జారింది. ఆవిడ నోరు తెరిచింది. మెడ నరాలన్నీ తేలాయి. శబ్దం లేదు. ఇరవై రెండేళ్ళ కిందట ఒడ్డున తెరిచిన నోరే అది.

సరిగ్గా అప్పుడు, ఆ తెరిచిన నోటితో ఏ సంబంధమూ లేకుండా, పొద్దుటి గొంతు, టీ పోసే తీరికైన గొంతు, ధనరాజు చెవి పక్కన పలికింది.

"ఒరే ధనరాజూ, సెయ్యెట్టకురా."

అత్త మాట. మోచేతి మీద దెబ్బ తిన్న చిన్నపిల్లాడిలా వాడు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. రేకు జారి రెక్కల మీద పడింది. ఫ్యాన్ ఒక్క కుదుపుతో తిరిగింది. రేకు ఎగిరి ఎదుటి గోడకి కొట్టుకుని, రెండుగా విరిగి, ఒక ముక్క తలుపు దాకా దొర్లుకుంటూ వచ్చి హేమ బూటు దగ్గర ఆగింది. తెల్లటి గాలి గదంతా నిండిపోయింది. ఆ హోరులోనే మిగిలిన మాట వచ్చింది, ఎవరో పక్కన కూర్చుని చెప్పినట్టు నెమ్మదిగా:

"ఆ తీగలగే ఏలాడనీ. తోసీకు. ఆ పాప ఒగ్గీమన్నాది."

ధనరాజు నేల మీద చతికిలబడి, ఎడమచేత్తో కుడిచేతి మణికట్టు పట్టుకుని, తిరుగుతున్న రెక్కలకేసి చూస్తున్నాడు. రెక్కలు కనబడడం లేదు, బూడిదరంగు చక్రం ఒకటి కనబడుతోంది. జగన్నాధం చెయ్యి గోడ మీద ఉన్న పిడిని, ఇనపతీగ చుట్టిన పిడిని పట్టుకుని లాగుతోంది. తీగ కోసుకుని రక్తం వస్తున్నా లాగుతూనే ఉన్నాడు. హేమ ప్యానెల్‌కేసి చూసింది. ఎదురుగా ఫ్యాన్ హోరుమంటుంటే తెర మీద ఇంకా 'ఫ్యాన్ ఆగినది' అనే ఉంది. మైనస్ పందొమ్మిది. పదీ యాభై, సెకన్లు పరిగెడుతున్నాయి.

తనే చెప్పింది, ఆగిందన్నా, ఎల్లు అని. హేమ గోడకి జారగిలబడి కూర్చుండిపోయింది.

గున్నమ్మ మాత్రం నోరు మూసింది. లోపలికి వెళ్ళి ధనరాజు చంకల కింద చేతులేసి, బయటికి ఈడ్చుకొచ్చింది. నలభై ఐదేళ్ళ మనిషిని ఆ అరవై ఏళ్ళ ఆవిడ ఎలా ఈడ్చిందో తెలీదు. తలుపు బయట కూర్చోబెట్టి, వాడి ముఖంలోకి చూస్తూ మళ్ళీ పెదవులు కదిపింది. ఏదో రెండు ముక్కలు. ఈ లోకంలో ఉన్నవాడెవడైనా ఉంటే కదా గమనించడానికి.

కొంతసేపటికి ధనరాజు అడిగాడు. "అత్తా, ఏ తీగ?" అడిగాక వాడికే గుర్తొచ్చింది. గున్నమ్మని చూడలేదు, హేమని చూశాడు. "పాపా, బీరువాలో ఒక తీగ ఏలాడతాంటే నానే గుచ్చీసినాను."

హేమ తల ఎత్తింది. "ఏ తీగ? నీలందా?"

"నీలందే."

ఆ పిల్ల లేచి పరిగెత్తింది. బీరువా తలుపు తీసి చూస్తే పెట్టె మీద దీపాలన్నీ ఒక్కసారే వెలుగుతున్నాయి, ఒక్కసారే ఆరుతున్నాయి. మామూలుగా అయితే ఒక్కొక్కటి ఒక్కో తీరుగా మినుకుమనాలి. నీలం తీగ పట్టుకుని పీకింది. దీపాలు విడిపోయి ఎవరి దారిన అవి మినుకుమన్నాయి. అక్కడ ప్యానెల్ దగ్గర అంకె గబుక్కున మైనస్ ఏడుకి మారిందని, 'ఫ్యాన్ నడుచుచున్నది' అని పడిందని జగన్నాధం కేకేశాడు. హేమ బీరువాకి తల ఆనించి ఏడ్చింది. కాసేపు ఏడవనిచ్చారు.

తర్వాత హేమ నేల మీద సుద్దముక్కతో గీసి చెప్పింది. "ఇది ఒక పెట్టె. అది ఒక పెట్టె. మధ్యలో ఒక్కటే తోవ ఉండాల. కొత్త తీగ ఒక తోవ, నువ్వు గుచ్చింది రెండో తోవ. అందరికీ సెప్పమని అరిచే మాటలు కొన్నుంటాయన్నా. అయి ఇటు ఎల్లి, అటు తిరిగొచ్చి, మళ్ళీ ఇటే ఎల్తాయి. ఆగవు. ఒక్క చిటికెలో అయే నిండిపోతాయి. అసలు మాటకి తోవుండదు. నేను ఆపీమన్న మాట ఎల్లనే నేదు. ముప్పావుగంట తీరగానే ఫ్యాన్ దానంతటదే తిరిగీసినాది."

"మరి గడియారం?" అన్నాడు జగన్నాధం. ఆయన అరచేతికి గుడ్డ చుట్టి ఉంది.

"గడియారం ప్యానెల్ సొంతం సార్. కంట్రోలర్‌తో పన్లేదు. బొత్తం రంగు కూడా అదే మార్చుకుంటాది. పాత ప్యానెల్ సార్. అవతల మాట రాకపోతే రాలేదని సెప్పదు. ఆకరికి విన్నదే సూపిస్తా ఉంటాది. నాకు తెలిసుండాల."

జగన్నాధానికీ తెలిసుండాల్సినవి ఉన్నాయి. అక్కడే నిలబడి ఫోన్‌లో, కొత్త పిడి వచ్చి బిగించేదాకా ఆ గదిలోకి మనిషిని పంపనని మేనేజర్‌తో చెప్పాడు. రొయ్య సంగతేమిటని అటునుంచి వినపడింది. "రొయ్య పోతే పోనాది సార్," అని పెట్టేశాడు. ఆయన నోటి నుంచి ఆ మాట వస్తుందని ఆ ఫ్యాక్టరీలో ఎవరూ అనుకోలేదు, ఆయనతో సహా.

హేమ రెండో కొస కూడా విప్పి, పాత కేబుల్ మొత్తం లాగి, చుట్టచుట్టి ధనరాజు ఒళ్ళో పెట్టింది. వాడు రెండు కొసలూ కలిపి గట్టిగా ముడేశాడు. మొదటిసారి ముడి పడలేదు, మళ్ళీ వేశాడు.

పదకొండున్నరకి అన్నాలు. క్యాంటీన్‌లో ఒకరిద్దరు ఆ సంగతే మొదలుపెట్టారు. పెద్ద భయం తప్పినప్పుడు జనానికి నవ్వులు ఎక్కువవుతాయి. రేకు ముక్క తెచ్చి బల్ల మీద పెట్టి, ఇంతదా, ఇంతెగిరిందా అని కొలుస్తున్నారు. ఎవరో, ధనరాజు చెయ్యి పోయి ఉంటే ఈశ్వరి రోజూ వాడికి అన్నం తినిపించాల్సొచ్చేది, అదీ ఒక యోగమే అన్నారు. ఈశ్వరి వాడి పెళ్ళాం, రొయ్యల సైజులు వేరుచేసే బల్ల దగ్గర పనిచేస్తుంది. ఆవిడ నవ్వలేదు గానీ తిట్టనూ లేదు. హేమ పళ్ళెంలో ఎవరో రెండో చేప ముక్క వేశారు. ధనరాజు కూడా నవ్వాడు. పులుసు కలిపి మొదటి ముద్ద ఎత్తబోతున్నాడు.

గున్నమ్మ గోడ గడియారం చూసుకుంటూ వచ్చింది. వంటగది నుంచి వాడి దాకా చకచకా నడిచింది. వాడి పక్కన బల్ల మీద కూర్చుని, అన్నం అంటిన ఆ కుడిచేతిని తన రెండు చేతులతోనూ పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది.

"ఏటత్తా?" అన్నాడు వాడు, నవ్వుతూనే.

పదకొండూ ముప్పై ఐదు. ఆ అరుపు వచ్చింది.

వాడి చెవి పక్కన పుట్టి క్యాంటీన్ అంతా నిండింది. అందులో మాట లేదు, పేరు లేదు. గొంతు చిరిగిపోతున్న ఒక ఆడమనిషి కేక, అంతే. చెయ్యి తెగిపడడం కళ్ళారా చూస్తున్న మనిషి పెట్టే కేక. గ్లాసులు వణికాయి. నవ్వుతున్నవాళ్ళ నోళ్ళు అలాగే తెరిచి ఉండిపోయాయి. ఈశ్వరి పళ్ళెం వదిలేసి రెండు చెవులూ మూసుకుంది. హేమ కళ్ళు మూసుకుంది. ముప్పావుగంట కిందట తలుపు దగ్గర గున్నమ్మ ఏం అరిచిందో అందరికీ అప్పుడు తెలిసింది. గున్నమ్మ మాత్రం ముందే తెలిసినదానిలా, పెదవులు బిగించి, వాడి చేతిని పట్టుకుని ఉంది. తన అరుపు తనే వింటూ వాడి వేళ్ళు ఒకటీ ఒకటీ తడుముతోంది. ధనరాజు ఆవిడ ముఖంలోకి చూశాడు. సోములు మావకి సముద్రం మీద ఏం వినపడి ఉంటుందో వాడికి మొదటిసారి అర్థమైంది.

అరుపు ఆగింది. క్యాంటీన్‌లో పైన తిరుగుతున్న ఫ్యాన్ చప్పుడు మిగిలింది.

అప్పుడు వెనకాలే, చల్లగది బయట వాడిని కూర్చోబెట్టి, ఇది వస్తుందని తెలిసి ముందుగానే చెప్పి ఉంచిన ఆ రెండు ముక్కలూ వచ్చాయి.

"ఏటీ అవనేదురా. తిను."

గున్నమ్మ చెయ్యి వదిలింది. ధనరాజు తన అరచేతికేసి చూసుకున్నాడు. ఐదు వేళ్ళూ ఉన్నాయి, మెతుకులు అంటుకుని. ముద్ద ఎత్తి నోట్లో పెట్టుకున్నాడు.